నాలుగక్షరం ముక్కలు

ఆగస్టులో ఊరికి కళ్ళకలక వచ్చింది.
పూర్ణా మార్కెట్ బయట తోపుడుబండి మీద
నల్లకళ్ళద్దాలు నూటయాభై నుంచి రెండొందలయ్యాయి.
మెడికల్ షాపుల్లో చుక్కల మందు లేదు.
సిటీబస్సులో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు,
చూస్తే అంటుకుంటుందని.

నా ఉద్యోగమే చూడటం.
కింది రెప్ప వంచి, దూది పుల్ల తిప్పి,
గులాబీరంగు నీళ్ళ గొట్టంలో విరిచి, మూత బిగించడం.
"పైకి చూడమ్మా. ఇంకా పైకి. ఫ్యాన్ని చూడు."
చూపుతో అంటుకునేదే అయితే
ఆ ఒక్క నెలలో నాకు నాలుగొందల సార్లు రావాలి.

పెద జాలరిపేటలో
చోడిపల్లి కాసులమ్మ దగ్గర ఎవరూ చేప కొనడం లేదు.
రేవు నుంచి తనే తెచ్చిందట,
గంప దించిన గుమ్మానికల్లా అంటించిందట.
కుళాయి కాడ బిందెలు జరుపుకుంటూ చెప్పారు.
ఆమె ఎర్రటి కళ్ళతో వరసలో ముప్ఫై ఒకటో మనిషిగా కూచుంది.
సంతకం పెట్టమన్నాను.
"నాలుగచ్చరం ముక్కలు రానిదాన్ని తల్లీ" అని
బొటనవేలు చాపింది. వేలికి ఇంకా ఒక పొలుసు.
పెట్టెలో ఐసు కరిగిపోయిందని నేను గొణుక్కుంటే
తన పెట్టెలోంచి రెండు దోసిళ్ళు పోసింది.
ఇసుకతోట జంక్షన్లో అరగంట ఇరుక్కున్నా
నా గొట్టాలు చల్లగానే ఉన్నాయి,
కాస్త వంజరం వాసన వేస్తూ.

రాత్రి ల్యాబులో స్టేప్లరంత యంత్రం.
డాక్టర్ ఇందుశేఖర్ టీ పందెం కాశారు: అడినో వైరస్.
ప్రతిసారీ అదేగా. నేనూ అదే అనుకున్నా.
పరీక్షలో గీత లేవలేదు.
మళ్ళీ చేశాం. లేవలేదు.
ఇక ఏమీ అనుకోకుండా చదవడమొక్కటే మిగిలింది,
దొరికిందంతా, మనిషిదీ పురుగుదీ కలిపి,
వల లాగి ఒడ్డున బోర్లించి
రొయ్యనీ నాచునీ చెప్పుముక్కనీ
వేరు చేసినట్టు.

నాలుగింటికి కరెంటు పోయి వచ్చింది.
ఐదింటికి తెర మీద
ఏడున్నర వేల అక్షరాల పొడుగున ఒకటి తేలింది.
కడుపుల్లో తిరిగే వంశానిది,
కంటికి చుట్టపుచూపుగా వచ్చింది.
యాంటీబయాటిక్ చుక్కలు దానికి ఉత్త నీళ్ళు.
షాపుల్లో ఖాళీ అయిన సీసాలన్నీ గుర్తొచ్చాయి.
వాటిలో కొన్ని నేను రాయించినవే.

దాని పుస్తకమంతా వెతికినా నాలుగే అక్షరాలు.
నాలుగక్షరం ముక్కలు.
ఊరు ఎరుపెక్కడానికి అవి చాలాయి.

చెట్టు గీశాం.
జూలై చివర రుషికొండ ఏసీ ఆఫీసులో తీసిన
తొమ్మిది కళ్ళు మొదట్లో ఉన్నాయి.
మధురవాడ హాస్టలు ఒక కొమ్మ.
ముప్ఫై ఒకటి ఎక్కడో కొసన, చిగురు.
ఎవరు ఎవరికిచ్చారో చెట్టు ఒట్టేసి చెప్పదు.
జాలరిపేటలో మాత్రం మొదలవలేదు,
అంతవరకు గట్టిగానే అంటుంది.

రిపోర్టులో పేర్లుండవు. ఉండకూడదు. రూలు మంచిదే.
పుకారుకే పేరుంది, ఇంటిపేరుతో సహా.

పదిరోజులకి వెళ్ళాను.
ఆమె కళ్ళు తేటపడ్డాయి. గంప నిండుగానే ఉంది.
కాగితం విప్పి, నీ వల్ల కాదమ్మా అన్నాను.
"నాకు తెల్దేటి?" అంది.
ఈగల్ని తోలుతూ కాసేపాగి,
"ఆ అచ్చరాలు పైకి సదువు. గట్టిగా.
అరుగు మీదోలకి ఇనపడాల."

చదివాను.
యు, యు, ఏ, ఏ, ఏ, ఏ, సి, ఏ, జి, సి...
అర్థం లేని మంత్రంలా, గొంతు ఎండిపోతూ, నడివీధిలో.
మూడో వరసకి ఎదురింటి తలుపు ఓరగా తెరుచుకుంది.
"కవళ్ళు పోగు ఎంత?" అని ఎవరో,
నల్లకళ్ళద్దాలు తియ్యకుండానే.